పొగగదికి ఒక కన్నం

ఫొటో తీసే రోజున పొరలక్కని తన పీట మీద నుంచి లేవమన్నారు.

"కాస్త పక్కకి జరుగు, కోడలమ్మ కూర్చుంటుంది" అన్నాడు యజమాని. కసిరినట్టు కూడా కాదు, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా అన్నాడు. పదకొండేళ్ళుగా ఆ పీట మీద ఇంకొకరు కూర్చోలేదు. పొరలక్క లేచింది. నడుముకు చుట్టుకున్న తెల్లగుడ్డ కూడా కావాలన్నారు. విప్పి ఇచ్చింది. కోడలు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, దులిపి, చుట్టుకుని, ఆప్రికాట్ పెట్టె ముందు కూర్చుంది.

ఫొటో తీసేవాడు నల్లగుడ్డలో తల దూర్చాడు. కోడలు పళ్ళెంలోంచి ఒక్కొక్క పండుబద్ద తీసి పెట్టెలో పేర్చసాగింది. పొట్ట కిందికి, గింజ తీసిన గుంట పైకి పెట్టాల్సిన బద్దని ఆవిడ తిప్పి పెట్టింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. బల్ల చివర నిలబడిన పొరలక్కకి ప్రాణం ఉసూరుమంది. నోరు మూసుకోవడం చేతనవును గానీ, చెయ్యి మూసుకోవడం ఎలా? నాలుగో బద్ద తప్పు పడగానే చెయ్యి చాచి సరిచేసింది. సరిగ్గా అప్పుడే ఫొటో పడింది.

అందుకే ఆ కంపెనీ ఫొటోతో వేయించిన మొదటి లేబుల్ మీద, చిరునవ్వు నవ్వే కోడలి పక్కన, పెట్టె అంచు మీద నాలుగు వేళ్ళు కనిపిస్తాయి. పండు రసానికి గోళ్ళు నల్లబడిన వేళ్ళు. రెండోసారి అచ్చు వేయించినప్పుడు వాటిని చెరిపేశారు.

పొరలక్క ఆ రోజు నోరెత్తలేదు. రోషం లేక కాదు. దీన్ని ఓర్పు అని మెచ్చుకునేవాళ్ళుంటారు, దయచేసి మెచ్చుకోకండి. ఆమెకి యజమాని ఒక మాట ఇచ్చి ఉన్నాడు. ఎగ్జిబిషన్‌కి వెళ్ళే పెట్టెలు తయారైపోతే, పొగగది కప్పుకి కన్నం కొట్టించి మూత పెట్టిస్తానన్నాడు. ఆ కన్నం కోసం ఆమె పీటే కాదు, అడిగితే తన పేరు కూడా విప్పి ఇచ్చేది.

*

ఆ వ్యాపారం పుట్టింది పశువుల కొట్టంలో. యజమాని అప్పట్లో యజమాని కాదు, పండ్ల దళారి. బళ్ళు దొరక్క, దొరికినా దారిలో ఆలస్యమై, సగం పండ్లు కుళ్ళిపోతుంటే విసుగొచ్చి, వాటిని కోసి చాపల మీద ఎండబెట్టించాడు. పండ్లు కోసి గింజ తీయడానికి మొదట పెట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళలో పొరలక్క ఒకతె. అప్పుడామెకి ఆ పేరు లేదు. కొత్తగా మొగుడు పోయిన మనిషి, అంతే. ఇంట్లో ఆడపడుచు ఒకతి. ఉన్నది ఒకే గది.

మొదటి ఏడాది పండ్లు గోధుమరంగు దాటి నల్లబడ్డాయి. మచ్చుకి తీసుకెళ్తే ఒక కొట్టువాడు చేతిలో వేసుకుని అటూ ఇటూ వంచి చూశాడు. "ఇవి తినడానికా, కాళ్ళకి తొడుక్కోవడానికా?" అన్నాడు. ఆ మాట యజమాని మనసులో ముల్లులా దిగింది. మరుసటి ఏడు ఎక్కడో విని వచ్చి గంధకపు పొగ మొదలుపెట్టాడు.

పండు కోసిన వెంటనే పొగ పడితే రంగు చెదరదు. ఎండలో ఎన్నాళ్ళున్నా బంగారంలా మెరుస్తుంది. అందుకని కొట్టం వెనక ఒక గది కట్టారు. మందపాటి గోడలు, నడుము వంచితే తప్ప పట్టని తలుపు, చెక్కలు పరిచి మట్టి మెత్తిన కప్పు. కిటికీ లేదు. నేల మధ్య గుంటలో ఇనపమూకుడు, మూకుడులో గంధకం. చెక్కపళ్ళేలలో పండుబద్దల్ని గుంట పైకి పెట్టి పేర్చి, నిలువుగా దొంతర్లు పెట్టి, గంధకం అంటించి తలుపు మూసేవారు. ఉదయం అంటిస్తే మధ్యాహ్నానికి తీయాలి.

తీయడమే కష్టం. పొగ తిన్న బద్దల గుంటల్లో రసం ఊరుతుంది. ఆ రసం ఒలకకుండా ఎండకి చేరితేనే మెరుపు. అందుకని పళ్ళెం పట్టుకుని పరిగెత్తడానికి లేదు. పెళ్ళికూతురిలా అడుగులో అడుగు వేసుకుంటూ రావాలి. వెనక దొంతర నుంచి తలుపు దాకా పద్నాలుగు అడుగులు. పద్నాలుగు అడుగులూ ఊపిరి బిగబట్టాల్సిందే.

మొదట్లో తలుపు తీసి, అందరూ అన్నం తిని వచ్చాక లోపలికి వెళ్ళేవారు. అప్పటికి పొగ కొంత పలచబడేది. సరుకు పెరిగాక మేస్త్రీ వచ్చాడు. మేస్త్రీ వచ్చాక అన్నం తినేదాకా ఆగడం పోయింది.

సరుకు ఎందుకు పెరిగిందో కూడా చెప్పాలి, ఎందుకంటే కంపెనీ పుస్తకాల్లో అది తప్పుగా ఉంది. పెట్టెలు ఊళ్ళు దాటి వెళ్ళి, మూత తీసేసరికి పైన పండ్లు చిందరవందరగా నలిగి ఉండేవి. కొట్లవాళ్ళు తిప్పి పంపేవారు. ఒకరోజు పొరలక్క పెట్టెకి మేకులు కొట్టడం చూస్తూ అంది: "అయ్యగారూ, అదిమి మేకులు కొట్టేదీ ఈ పక్కే, విప్పేదీ ఈ పక్కే. నలగదా మరి? అడుగునే పైన అనుకుంటే పోలా?"

"అడుగుని పైన ఎలా అనుకుంటామే?" అని నవ్వాడు యజమాని.

ఆమె చేసి చూపించింది. ఖాళీ పెట్టె అడుగున తెల్ల కాగితం పరిచి, ఏరిన బద్దల్ని చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేట్టు పేర్చింది. దాన్ని పైపొర అంది. ఆ మీద మిగతా పండు నింపి, అదిమి, మేకులు కొట్టించి, పెట్టెని తిరగేసింది. అడుగు మీద లేబుల్ అంటించింది. ఇప్పుడు విప్పేవాడికి ముందు కనిపించేది ఆమె వేసిన పొర. వేలు పెట్టడానికి కూడా మనసు రాదు, అంత బాగుంటుంది.

ఆ ఏడే ఆమె పొరలక్క అయింది. రెండేళ్ళలో కొట్టం షెడ్డయింది, షెడ్డు పక్కన ఇంకో షెడ్డు లేచింది. ఇద్దరు ఆడవాళ్ళు అరవై మంది అయ్యారు. పొగగది మాత్రం అదే గది.

*

ఆడపడుచుని పనిలోకి తెచ్చింది పొరలక్కే. అందరూ ఆమెని పిచ్చుక అనేవారు. మనిషి పిడికెడు, నోరు మాత్రం పగలంతా కిచకిచ. నాలుగు అక్షరాలు కూడా నేర్చుకుంది. పనిలో అంతమందిలో రాయడం వచ్చినది ఆమె ఒక్కతే.

"మా అన్న పోయినా నన్ను వదలవా వదినా? ఇంట్లోనూ నీ పెత్తనమే, పనిలోనూ నీ పెత్తనమేనా?" అనేది.

"వదిలితే నిన్నెవరు ఏలుకుంటారే? వాగుడుకి మూడు రోజుల్లో తెచ్చి దింపుతారు."

పిచ్చుక ఊపిరి పెద్దది. అంత చిన్న గుండెలో అంత గాలి ఎక్కడ దాచుకునేదో తెలీదు. మిగతావాళ్ళు ఒక పళ్ళెం తెచ్చి తలుపు బయట కూలబడి దగ్గుతుంటే, ఆమె ఒకటి తెచ్చి ఎండలో పెట్టి, అదే ఊపిరి మీద మళ్ళీ దూరి ఇంకోటి తెచ్చేది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టేవారు. మేస్త్రీ "చూసి నేర్చుకోండి" అనేవాడు. ఇది మనుషులు మాత్రమే చేయగల పొరపాటు. చంపేదాన్ని పందెం చేసుకున్నారు. ఊపిరి ఎక్కువసేపు పట్టినవాళ్ళకి గౌరవం, పట్టలేనివాళ్ళకి వెక్కిరింపు. ఆ పందెం పెట్టింది యజమాని కాదు, మేస్త్రీ కూడా కాదు. వాళ్ళే పెట్టుకున్నారు. పొరలక్క కూడా ఆడపడుచుని చూసి మురిసిపోయింది. "మా పిచ్చుకతో ఎవరు సరితూగుతారు?" అని పీట మీద నుంచి కేకేసింది.

ఆ కేక ఆమెని తర్వాత బతికినంతకాలం తింది.

పనిలో చేరిన నాలుగో ఏడు పిచ్చుక పాటలు పాడటం మానేసింది. ఐదో ఏడు మాట్లాడుతుంటే మధ్యలో మాట తెగేది. పొద్దున్నే పొయ్యి ఊదబోతే నిప్పు రాజుకునేది కాదు. పొరలక్క పక్కకి నెట్టి తను ఊదేది. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకునేవారు కాదు.

పొరలక్క మేస్త్రీని అడిగింది. "కప్పుకి ఒక కన్నం పెట్టించండి. దానికో మూత, మూతకో తాడు. పొగ పెట్టేటప్పుడు మూసేద్దాం, తీసేముందు తాడు లాగుదాం. పొగ పైకి పోతుంది, మనుషులు లోపలికి పోతారు."

"పొగ పోతే రంగు పోతుంది. రంగు పోతే నువ్వూ పోతావ్, నేనూ పోతాను" అన్నాడు మేస్త్రీ.

"తీసేటప్పుడు కదా అంటున్నాను! అప్పటికి పండు తినాల్సిన పొగ తినేసిందిగా."

"నీకు పొరలు వేయడం వచ్చు. కప్పులు వేయడం కూడా వచ్చా?"

యజమానిని అడిగింది. "చూద్దాం" అన్నాడు. మరుసటి ఏడు మళ్ళీ అడిగింది. "చూద్దామన్నానుగా" అన్నాడు. మూడోసారి అడిగినప్పుడు ఎగ్జిబిషన్ దగ్గరపడింది. పైపొరలన్నీ ఆమె చేతి మీదుగా వేయించాలి కాబట్టి, "ఈ పెట్టెలు వెళ్ళిపోనీ, నీ కన్నం నీకు కొట్టించి పెడతాను" అన్నాడు. ఆ తర్వాతే ఫొటో. ఆ తర్వాతే పీట మీద నుంచి లేవడం.

*

ఎగ్జిబిషన్‌లో బంగారు పతకం వచ్చింది. వారం తిరక్కుండా తాపీమేస్త్రీ నిచ్చెన వేసుకుని వచ్చాడు. పొరలక్క పీట మీద నుంచి చూస్తూనే ఉంది. అతను పొగగది వైపు వెళ్ళలేదు. పొరలు వేసే షెడ్డుకి, వీధివైపు గోడకి, మనిషంత కిటికీ పెట్టి అద్దం బిగించాడు. వచ్చిపోయే పెద్దమనుషులు బయట నుంచే పని చూడాలట.

"అయ్యగారూ, కన్నం..." అంది పొరలక్క.

"కిటికీ పెట్టించాను కదా, ఇంకా ఏంటి?" అన్నాడు యజమాని. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

ఆ సాయంత్రం గదిలో పిచ్చుక గోడకి చేరగిలబడి, తెగిన మాటల్లో నవ్వింది. "అద్దం పెట్టారా? మంచిదే వదినా. నువ్వు పనిచేస్తుంటే... లోకం చూస్తుంది. నేను దగ్గుతుంటే... గోడ చూస్తుంది."

"నవ్వకే, నవ్వితే నీకు దగ్గొస్తుంది."

"నాకో మాట తోచింది. ఆయన చెవికి మన గొంతు ఆనదు. కొనేవాళ్ళ గొంతు ఆనుతుంది. కొనేవాళ్ళతో... మనమే మాట్లాడితే?"

పెట్టెల్లో పరిచే తెల్ల కాగితం ముక్కలు తెచ్చారు. పెట్టెల మీద గుర్తులు వేసే పెన్సిల్ తెచ్చారు. పిచ్చుక రాసింది, పొరలక్క పక్కన కూర్చుని మడిచింది. నలభై చీటీలు, అన్నిటి మీదా ఒకే మాట: "ఈ పండుకి పొగ పెట్టిన గదికి కిటికీ లేదు. కప్పుకి కన్నం లేదు. మేం ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్తాం. కన్నం పెట్టమని మీరు చెప్పండి. మేం చెప్తే వినరు."

ఎక్కడ పెట్టాలి? పైపొర వేశాక మేస్త్రీ వచ్చి చూసి పోతాడు. అక్కడ కుదరదు. నింపడం అయిపోయి మేకులు కొట్టేముందు మాత్రం ఎవరూ చూడరు. అక్కడ పెట్టొచ్చు. కానీ పెట్టె తిరగబడుతుంది కదా! అప్పుడది పెట్టె అట్టడుగు. పండంతా తింటే తప్ప కనపడదు. పెట్టె తిరగేయడం కనిపెట్టిన మనిషికే అది అడ్డం వచ్చింది.

"పోనీలే" అంది పిచ్చుక. "కొన్నవాళ్ళు తిండిపోతులైతే... తొందరగా తేలిపోతుంది."

నలభై పెట్టెలూ వెళ్ళిపోయాయి. రోజూ కంపెనీకి ఉత్తరాలొచ్చేవేళకి పొరలక్క మెడ సాచి చూసేది. పండ్ల కాలం అయిపోయింది. పిచ్చుక మంచం పట్టింది. పడుకుంటే ఊపిరాడదని, గోడకి ఆనించి కూర్చోబెట్టి, వెనక నుంచి పొరలక్క పట్టుకునేది. ఒకరోజు మధ్యాహ్నం, ఏ పందెమూ లేకుండా, ఎవరూ చప్పట్లు కొట్టకుండా, పిచ్చుక ఆఖరిసారి ఊపిరి బిగబట్టింది. పొరలక్క ఆమె విడిచిపెడుతుందేమోనని చాలాసేపు చూసింది.

*

ఉత్తరం మరుసటి ఏడు పండ్లు కోతకి వచ్చాక వచ్చింది. ఎక్కడో దూరాన ఒక ఆసుపత్రిలో వంటగది చూసుకునే ఆవిడ రాసింది. రోగులకని కొన్న పెట్టె అట్టడుగున ఈ చీటీ దొరికిందట. చీటీ జతచేసి ఒకే ప్రశ్న అడిగింది: "గదికి కన్నం పెట్టారా?"

యజమాని అందరినీ షెడ్డులో నిలబెట్టాడు. మేస్త్రీ ఉత్తరం, చీటీ పైకి చదివాడు. పిచ్చుక మాటలు మేస్త్రీ గొంతులో వస్తున్నాయి. ఈసారి మధ్యలో ఎక్కడా తెగడం లేదు.

"ఎవరు చేసింది ఇది?" అని అడిగాడు యజమాని.

"రాసింది పిచ్చుక. పెట్టెలో పెట్టింది నేను" అంది పొరలక్క.

యజమాని కోప్పడతాడని అందరూ అనుకున్నారు. ఆయన ఆలోచించాడు. "ఆ పిల్ల పోయింది కదూ?"

"పోయింది."

"మరైతే..." మేస్త్రీ వైపు తిరిగాడు. "ఆవిడకి జవాబు రాయి. చీటీ రాసిన మనిషి ఇప్పుడు మా దగ్గర లేదు, కాబట్టి ఆ ఫిర్యాదు కూడా ఇక లేదు అని రాయి."

మేస్త్రీ రాసుకున్నాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందరినీ పనిలోకి పొమ్మన్నారు, వెళ్ళారు. పొరలక్క కూడా పీట మీద కూర్చుంది. ఒక పెట్టె నింపింది. మేకులు కొట్టేవాడు అన్నానికి వెళ్తూ సుత్తి బల్ల మీద పెట్టి పోయాడు.

ఆమె ఆ సుత్తి తీసుకుంది. ఎండలో పళ్ళేల మధ్య నుంచి నడిచి, గోడకి ఆనించి ఉన్న నిచ్చెన ఎక్కి, పొగగది కప్పు మీద మోకాళ్ళ మీద కూర్చుంది. మట్టి మెత్తింది కాబట్టి మొదటి దెబ్బలు మెత్తగానే దిగాయి. తర్వాత చెక్క తగిలింది. లోపల గంధకం కాలుతోంది. చెక్క విరగ్గానే పొగ ఆమె ముఖానికి కొట్టింది. ఆమె ఊపిరి బిగబట్టలేదు. దగ్గుతూనే కొట్టింది. అన్నాలు తింటున్న ఆడవాళ్ళు ముద్దలు చేతిలో పట్టుకునే లేచి నిలబడి చూశారు.

"దిగవే! మొత్తం దొంతర్లన్నీ నల్లబడిపోతాయి!" అని మేస్త్రీ కింద నుంచి కేకలేశాడు.

"నల్లబడనీ! మా ఊపిరితిత్తులకి జతగా ఉంటాయి!"

ఆ రోజు సరుకు నిజంగానే నల్లబడింది. పొరలక్కని అక్కడికక్కడే గేటు బయటికి పంపారు. నడుముకు చుట్టుకున్న తెల్లగుడ్డ ఈసారి కూడా విప్పి ఇవ్వమన్నారు. ఇవ్వలేదు, చుట్టుకునే వెళ్ళిపోయింది.

మర్నాడు తాపీమేస్త్రీ కన్నం పూడ్చడానికి వచ్చాడు. పళ్ళేలు మోసే ఆడవాళ్ళు పన్నెండుమంది తలుపు ముందు కూర్చున్నారు. వాళ్ళు నినాదాలేమీ ఇవ్వలేదు. "కన్నం పూడిస్తే పళ్ళేలు మీరే మోసుకోండి" అన్నారు, అంతే. కోసిన పండు ఆగదు, గంటలో రంగు తిరుగుతుంది. మధ్యాహ్నం దాకా చూసి, యజమాని కన్నానికి మూత పెట్టించాడు. మూతకో తాడు. పొరలక్క ఎలా చెప్పిందో అలాగే.

రంగు చెడలేదు. ఆ ఏడు పండుకి కూడా పతకం వచ్చింది. అంటే ఆ కన్నం గది కట్టిన నాడే పెట్టి ఉండొచ్చు.

పొరలక్కని మాత్రం మళ్ళీ పిలవలేదు. నాలుగిళ్ళలో అంట్లు తోముకుంటూ ఇంకో తొమ్మిదేళ్ళు బతికింది. బజార్లో ఎక్కడైనా ఆప్రికాట్ పెట్టె విప్పి ఉంటే ఆగి చూసేదట. పొర సరిగ్గా లేకపోతే కొట్టువాడు చూడకుండా చెయ్యి చాచి సరిచేసి పోయేదట. ఆమె చివరిరోజుల్లో దగ్గింది. అది ఆ ఒక్కరోజు పొగ వల్లో, కాదో చెప్పగలవాళ్ళు లేరు.

*

కంపెనీ ఇప్పుడు ఆ కోడలి మనవల చేతిలో ఉంది. గోడ మీద కోడలి ఫొటో ఉంది, కింద "పైపొరను కనిపెట్టిన మా నాయనమ్మ" అని ఉంది. పాత పొగగది పడగొట్టారు. దానితోపాటు మూత, తాడు కూడా పోయాయి. ఊరి చివర రేకుల గదులు వేశారు, పెద్దవి, పొగ పిసరు కూడా బయటికి పోనివి. వాటి తలుపులు తీయగానే ఈ రోజుకీ ఆడవాళ్ళే లోపలికి వెళ్తున్నారు. దూరం పెరిగింది కాబట్టి, ఎంత ఊపిరి కావాలో వాళ్ళు ఒక లెక్కలో చెప్పుకుంటారు. "ముందు దొంతరకి ఒక పిచ్చుక, వెనక దొంతరకి రెండు పిచ్చుకలు" అంటారు. ఆ మాట ఎక్కడ నుంచి వచ్చిందో వాళ్ళలో ఎవరికీ తెలియదు. అది ఒక మనిషి పేరని తెలియదు.

ఇది చదువుతున్నవారు చేయగలిగింది ఒకటుంది. దానికి పెద్ద తీరిక కూడా అక్కర్లేదు. మీ వంటింట్లో ఎండుపండ్ల పొట్లం ఏదైనా ఉంటే, అది ఏ కంపెనీదైనా సరే, తీసి తిప్పి చూడండి. చిరునామా ఉంటుంది. ఆ చిరునామాకి ఒక ఉత్తరం రాయండి. పొగ పెట్టే గదికి పొగ పోయే దారి ఉందా, లేదా? మనుషులు లోపలికి వెళ్ళేముందు ఎంతసేపు ఆగుతున్నారు? ఈ రెండే అడగండి. జవాబు రాకపోతే మళ్ళీ రాయండి. మీ ఊళ్ళో అలాంటి గదులుంటే కార్మిక శాఖ ఆఫీసుకి నలుగురు కలిసి వెళ్ళి, మధ్యాహ్నం తలుపు తీసేవేళకి అధికారిని వెంటబెట్టుకుని రండి. ముందుగా కబురు చేసి మాత్రం రానివ్వకండి.

ఒక్కరు రాస్తే ఏం జవాబు వస్తుందో మనం చూశాం. అందుకే ఒక్కరే రాయకండి. రేపు కాదు, పొట్లం ఖాళీ అయ్యేదాకా ఆగవద్దు. ఇవాళే రాయండి.